స్పేరు లాంపు మీద ఒక పాఠకుడి అభిప్రాయం

సారలమ్మ అక్క, ముత్యం అనేవాడి పన్ను విరగ్గొట్టిన నాటికి నేను గని లాంపు రూములో డ్యూటీలో చేరి ఎనిమిది రోజులు. లాంపుతోనే కొట్టింది. టోపీకి తగిలించుకునే దీపాన్ని వైరు పట్టుకుని గిర్రున తిప్పి మూతి మీద ఒక్కటిచ్చింది. ముత్యం చేసిన నేరమల్లా, గనిలోంచి పైకి వస్తూ తన లాంపుతో పాటు మరో ముగ్గురివి కూడా తెచ్చి మా కిటికీలో పెట్టడం.

"మనుషులేరి?" అంది అక్క.

"స్నానాలకు పోయిండ్రు. తీస్కోరాదు అక్కా, జల్ది పోవాలె."

"వచ్చి మొఖం చూపిచ్చి ఇయ్యుమను."

"మొఖాలు చూసుడేంది? మీ ఆయన గిట్ల వస్తడని చూస్తున్నవా?"

ఆ మాటకు పన్ను పోయింది. గచ్చు మీద రక్తం నేనే కడిగాను. అక్కను నాలుగు రోజులు సస్పెండ్ చేశారు. అయిదో రోజు వచ్చి కూర్చుంది, మళ్ళీ మొఖాలు చూడటం మొదలుపెట్టింది. ఇక ఆమె షిఫ్టులో ఎవడి లాంపు వాడే తెచ్చిచ్చాడు. తన్నితే గాని దారికి రాని జాతి మనది, నన్నడిగితే ఇంకో పన్ను కూడా పోవలసింది.

ఈ పన్ను గొడవ అర్థం కావాలంటే లాంపు సంగతి తెలియాలి. గనిని మావాళ్ళు బాయి అంటారు. బాయి దిగేవాడు తన నంబరు లాంపు తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. లాంపు మా రూములో దాని గూట్లోకి వచ్చిందంటే మనిషి పైకి వచ్చినట్టు. గూడు ఖాళీగా ఉంటే లోపల ఎవరో మిగిలినట్టు, వెతకాలి. పద్ధతి ఇది. జరిగేది వేరు. నలుగురి లాంపులు ఒకడే తెచ్చిస్తాడు. లోపల ఒకరిదొకరు మార్చుకుంటారు. తన లాంపు రిపేరులో ఉంటే స్పేరుది పట్టుకుపోతాడు. స్పేరు లాంపుకు గూడు ఉండదు, తీసుకున్నవాడి పేరు పుస్తకంలో రాసుకోవాలి. పాత రోజుల్లో ఎవరూ రాసేవారు కాదు. తెలిసినవాళ్ళే కదా అనుకునేవారు.

సారలమ్మ అక్క భర్త పేరు అంజి. ఆమెది కాసిపేట దగ్గర ఊరు, పందొమ్మిదేళ్ళకు పెళ్ళయి గోదావరిఖని వచ్చింది. అంజి పని లోపల కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం. పెళ్ళయిన అయిదేళ్ళకు, రెండు వేల అయిదు మే నెలలో, మొదటి షిఫ్టు చివర, మధ్యాహ్నం రెండున్నరకు, కప్పు కూలి అతని నడుము మీద పడింది. లాంపు గూట్లో ఉంది కాబట్టి మనిషి పైకి వచ్చాడనుకున్నారు. ఎవరూ వెతకలేదు. రాత్రి తొమ్మిదింటికి రెండో షిఫ్టువాళ్ళు ఆ పక్కకు వెళ్ళి బండ కింద చెయ్యి చూశారు. తల మీద స్పేరు లాంపు ఉంది. ప్రాణం పోయి రెండు గంటలు కూడా కాలేదని దవాఖానలో చెప్పారు. అంటే నాలుగున్నర గంటలు బతికే ఉన్నాడు. గోళ్ళన్నీ ఊడిపోయి ఉన్నాయట, బండను గీకి గీకి.

ఎవడో అంజి పాడైన లాంపు తను తీసుకుని, తన స్పేరు లాంపు అంజికిచ్చి, పైకి వచ్చి అంజి లాంపు కిటికీలో ఇచ్చేశాడు. ఆ తర్వాత నోరు మూసుకున్నాడు. విచారణలో ఎవరూ ఒప్పుకోలేదు. భర్త పోయినందుకు అక్కకు పైన ఉద్యోగం ఇచ్చారు. ఊడ్చింది, క్యాంటీన్‌లో గిన్నెలు తోమింది, కాళ్ళావేళ్ళా పడి లాంపు రూముకు బదిలీ చేయించుకుంది. వాడెవడో తెలుసుకోవాలని.

"తెల్సినంక?" అని అడిగాను ఒకసారి.

"సంపుత" అంది, అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటూ.

ప్రమాదం రోజున ఆ కిటికీలో కూర్చున్నది మా బాపు. పేరు భూపాల్. ముప్పై ఏళ్ళు లాంపు రూములోనే చేశాడు. ఊపిరితిత్తులు పాడై మంచం పడితే ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. అక్క ఆయన్ను ఎన్నిసార్లు అడిగిందో. "గుంపుల ఇచ్చిండ్రు బిడ్డా, మొఖం యాదికి లేదు" అనేవాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. అక్క నమ్మింది. నేనూ నమ్మాను. భూపాల్‌కు తెలియకుండా ఉంటుందా అని ఎవరన్నా గొణిగితే వాళ్ళ మీదికి చెప్పు తీసుకుని పోయేదాన్ని. మా బాపు చీమకు కూడా దారిచ్చే మనిషి.

ఇక నవల సంగతి. నేను పుస్తకాలు చదవను. చదివేవాళ్ళను చూస్తే నాకు చిరాకు, పనీ పాటా లేనట్టు. అక్క మాత్రం ఫోన్‌లో కథల యాప్ పెట్టుకుని షిఫ్టు మధ్య ఖాళీలో పైకి చదివేది. ప్రేమ కథలు ఆమెకు ఎక్కవు. హత్యలుండాలి. పోయినేడు ఆమెకు దొరికింది 'బండ వింటోంది' అనే సీరియల్. ప్రతి శనివారం ఒక భాగం. రాసినాయన పృథ్వీరాజ్, రామగుండంలో ఇంజనీరు. తండ్రి కాలంలో రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు.

కథ ఇప్పటికి యాభై ఏళ్ళ తర్వాత జరుగుతుంది. గనుల్లో మనుషులు ఉండరు, మరలే తవ్వుతుంటాయి. ఒక శాస్త్రవేత్త బొగ్గులో ఇంకిపోయిన పాత శబ్దాలను వినే యంత్రం తయారు చేస్తాడు. ఆ యంత్రంలో ఎప్పుడో చచ్చిపోయిన ఒక కార్మికుడు బండను కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న రోజు నుంచి ఊళ్ళో ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఘోరంగా చచ్చిపోతుంటారు. ఒకడి చెవిలో డ్రిల్లు దించుతారు. ఇంకొకడిని బొగ్గు నలిపే మరలో వేస్తారు. చంపేదెవరు, ఆ కార్మికుణ్ణి మొదట చంపిందెవరు, అదీ సస్పెన్సు.

ప్రతి భాగం కింద పాఠకులు అభిప్రాయాలు రాస్తారు. నాకు నవల కన్నా అవే బాగుండేవి. సుప్రజ అనే ఆమె ఏ భాగానికైనా "ఇంకా కొంచెం రక్తం ఉంటే బాగుండేది" అని రాసేది. గోపాలరావు అనే పెద్దాయన బొగ్గు శబ్దాన్ని దాచుకోలేదని, భౌతికశాస్త్రం ఒప్పుకోదని ప్రతి శనివారం పోట్లాడేవాడు. మా అక్క కూడా రాసేది. కొన్ని నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి.

"రచయిత గారికి. మీద బండ పడితే మనిషి కెవ్వున అరవడు. ఊపిరి బయటికి పోతది గాని లోపలికి రాదు. అరుపు రాసిండ్రంటే మీరు చూడలేదన్నట్టు. దిద్దుకోండ్రి. సారలమ్మ, లాంపు రూం."

"చెవిల డ్రిల్లు మంచిగున్నది. గాని వాడు జల్ది సచ్చిండు. గంత పాపం చేసినోనికి నాలుగున్నర గంటలన్న పట్టాలె."

పృథ్వీరాజ్ ఆమెకు జవాబు రాసేవాడు. మీరు చెప్పినట్టే మార్చానండీ అనేవాడు. అక్క ఆ జవాబును నాకు పదిసార్లు చూపించేది. చంపడం ఎట్లాగో ఒక ఇంజనీరుకు పాఠం చెబుతున్నందుకు ఆమెకు ఎంత గర్వమో.

ఇరవై మూడో భాగంలో గుట్టు బయటపడింది. నవలలో హంతకుడు, తనకు గిట్టని కార్మికుడికి లోపల స్పేరు లాంపు ఇచ్చి, అతని లాంపు పైకి తెచ్చి గూట్లో పెట్టిస్తాడు. ఎవరూ వెతకరు. అక్క చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళి వాంతి చేసుకుంది. రచయితకు తన సంగతి ఎవరో చెప్పారని ఆమె అనుమానం. అడిగితే ఆయన పాపం ఒట్టు పెట్టుకున్నాడు, పాత గనివాళ్ళు లాంపులు మార్చుకునేవారని విని అల్లుకున్నానండీ అన్నాడు.

కింద పాఠకులు రెండు వర్గాలైపోయారు. అద్భుతమైన మలుపు అని కొందరు. ఇంత పెద్ద గనిలో ఇలా జరగనే జరగదు, రచయిత పాఠకుల చెవిలో పువ్వు పెట్టాడని కొందరు. మంగళవారం మధ్యాహ్నం, 'ఒక పాఠకుడు' అన్న పేరుతో కొత్త అభిప్రాయం వచ్చింది. అక్క నాచేత రెండుసార్లు చదివించింది.

"జరగదు అంటున్నవారికి. జరుగుతుంది. స్పేరు లాంపుకు రాత ఉండదు. రచయిత ఒక్క సంగతి వదిలేశారు. పాడైన లాంపు పూర్తిగా ఆరిపోదు. తల ఎత్తితే ఆరుతుంది, తల వంచితే వెలుగుతుంది. కప్పు చూడాల్సినవాడు తల ఎత్తకుండా పని చెయ్యలేడు కాబట్టి మార్చుకుంటాడు. ఇచ్చినవాడు పగతోనే ఇవ్వాలని లేదు. ఆ లాంపుతో తల వంచుకుని పైకి వచ్చినవాడు మళ్ళీ తల ఎత్తలేదని మాత్రం రాయండి."

అక్క ఫోన్ లాక్కుని తనే ఇంకోసారి చదివింది. తర్వాత అంది: "తల ఎత్తితే ఆరుతున్నదని అంజి నాకు పోయే ముందు రోజు చెప్పిండు. నాకొక్కదానికే. ఇది ఆ లాంపు చేతుల పట్టుకున్నోడు రాసిండు రమా."

ఇన్నేళ్ళు మొఖాలు చూసీ చూసీ పట్టుకోలేనివాడు నవల కింద అభిప్రాయం రాసి దొరికాడు.

నవల అయిపోయాక పృథ్వీరాజ్ దాన్ని పుస్తకంగా వేశాడు. గోదావరిఖనిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఆదివారం పొద్దున పాఠకుల సభ పెట్టాడు. మంచి అభిప్రాయాలు రాసినవాళ్ళు వచ్చి మాట్లాడాలని పిలిచాడు. సారలమ్మ పేరుంది. ఒక పాఠకుడు కూడా వస్తానని ఒప్పుకున్నాడని యాప్‌లో ప్రకటించాడు.

ఆ ఆదివారం అక్క గుడ్డ సంచి భుజాన వేసుకుని వచ్చింది. సంచి కిందికి లాగుతోంది. చెయ్యి పెట్టి చూశాను. పాత కాలపు లాంపు బ్యాటరీ, నడుముకు కట్టుకునేది, రెండున్నర కిలోల ఇనుప డబ్బా. తుక్కులోంచి తీసింది.

"జైలుకు పోతవ్ అక్కా."

"పోత."

పోలీసులకు చెప్పవలసింది. కనీసం సంచి లాక్కోవలసింది. నేను రెండూ చెయ్యలేదు, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకూ వాడి తల పగలడం చూడాలని ఉంది.

హాలులో రెండు కూలర్లు తిరుగుతున్నాయి గాని మే ఎండకు అవి ఏమూలకు? ముందు వరసల్లో ఆఫీసర్ల కుటుంబాలు, వెనక మావాళ్ళు. గోపాలరావు మైకు పట్టుకుని బొగ్గు శబ్దాన్ని దాచుకోలేదని పావుగంట చెప్పాడు. సుప్రజ అనే ఆమె చూస్తే పట్టుచీర కట్టుకున్న బ్యాంకు ఉద్యోగిని, బొగ్గు మరలో మనిషి నలిగే భాగం తనకు ఎంత నచ్చిందో చేతులు తిప్పుతూ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం మీద రక్తం అంటే అందరికీ ఇష్టమే.

"ఇప్పుడు, పేరు చెప్పని మన పాఠకుడు గారు మాట్లాడతారండీ" అన్నాడు పృథ్వీరాజ్.

వెనక నుంచి లేచి వచ్చింది లింగమూర్తి. నేను మొదట వేరే ఎవరికో దారిస్తున్నాడనుకున్నాను. అంజితో పాటు దిమ్మెలు నిలబెట్టినవాడు, అంజికి ప్రాణ స్నేహితుడు. రిటైరై రామగిరిలో వ్యవసాయం చేసుకుంటున్నాడు. పంట రాగానే అక్క ఇంటికి బియ్యం బస్తా పంపేవాడు. అంజి పోయిన రోజున ఏటా కొబ్బరికాయ పట్టుకుని వచ్చేవాడు. అక్క అతన్ని అన్న అనేది, అతను చెల్లె అనేవాడు.

మైకు ముందు నిలబడి కాగితం విప్పాడు. "నేను రాసింది కథ గురించి కాదు" అన్నాడు.

అక్క లేచింది. కుర్చీలు తోసుకుంటూ పోయింది. "లింగన్నా, నువ్వా?" అని అడిగింది, అరవలేదు. అతను తల ఊపాడు.

సంచితో పాటే తిప్పి కొట్టింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు మైకులోంచి హాలంతా వినిపించింది. రెండోది నుదుటి మీద. చర్మం చీలి కన్ను మీదికి జారింది. లింగమూర్తి మోకాళ్ళ మీద పడ్డాడు గాని చెయ్యి అడ్డం పెట్టలేదు. చప్పట్లు కొట్టిన పట్టుచీరలన్నీ మెట్ల వైపు పరిగెత్తాయి. పృథ్వీరాజ్ పట్టుకోబోతే అక్క మోచేత్తో అతని ముక్కు పగలగొట్టింది. కొత్త పుస్తకాల దొంతర మీద రక్తం చిందింది. మూడో దెబ్బకు సంచి ఎత్తింది.

"కొట్టు చెల్లె" అన్నాడు లింగమూర్తి. "గాని విని కొట్టు."

సంచి గాలిలోనే ఆగింది.

"నీకు కప్పు చూడాలె, నాది తీస్కో అన్న అంజితోని. మంచికే ఇచ్చిన. నేను జల్ది పైకొచ్చి వాని లాంపు ఇచ్చి ఇంటికి పోయిన. అయిదింటికి నువ్వు మా ఇంటికొచ్చి అడిగినవ్. తాగి ఎక్కడ్నో పడ్డడు, వస్తడు పో అన్న."

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది అక్క. "తిట్టుకుంట పోయి వండుకొని తిన్న. వాడు అక్కడ గీకుతున్నడు, నేను ఇక్కడ తిన్న." ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఏడుస్తూనే సంచి ఇంకా పైకి ఎత్తింది.

"నువ్వు పోయినంక భయమైంది. ఆరింటికి లాంపు రూముకు ఉరికిన. అంజి కిందనే ఉన్నట్టున్నడు, దిగి చూడుండ్రి అని చెప్పిన."

"ఎవలికి?"

లింగమూర్తి రక్తం తుడుచుకుని నా వైపు చూశాడు. "భూపాలన్నకు."

నాకు ఏం చేస్తున్నానో తెలియలేదు. వెళ్ళి ఆ పగిలిన మొఖం మీదే చాచి కొట్టాను. "అబద్ధం! దొరికిపోయి మా బాపు మీద పెడ్తున్నవా, కుక్కా!" నా అరచెయ్యి ఎర్రగా అయిపోయింది.

"ఆనాడు మీ బాపు రెండో షిఫ్టు గూడ చేసిండు" అన్నాడు లింగమూర్తి మెల్లగా. "నువ్వు పదేండ్ల పిల్లవు. అన్నం డబ్బా పట్టుకొని వచ్చినవ్. నేను చెప్తుంటె కిటికీ కాడ నిలబడ్డవ్. స్పేరు లాంపు నేను రాయలే, ఇప్పుడు చెప్తే ఇద్దరి నౌకరీ పోతది అన్నడు మీ బాపు. నిన్ను చూపిచ్చి, దీనికి ఎవలు పెడ్తరు లింగమూర్తీ అన్నడు. నువ్వు ఇంటికి పో, నేను చూస్కుంట అన్నడు. తొమ్మిదింటి దాక ఎవలూ దిగలే. నేను మల్ల అడగలే. అది నా పాపం."

అబద్ధమని ఇంకోసారి అరుద్దామని నోరు తెరిచాను. కానీ డబ్బా నాకు గుర్తుంది. బాపు దాన్ని తీసుకోనే లేదు. ఎన్నడూ ఒక్క మాట అననివాడు ఆ సాయంత్రం నా మీద కసిరి, డబ్బాతో సహా నన్ను ఇంటికి తోలేశాడు. ఎవరో నెత్తిమీద కండువా వేసుకుని కిటికీ పట్టుకుని ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళు ఆ మనిషి ఎవరా అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేను తిన్న అన్నం, చదివిన చదువు, కూర్చున్న కిటికీ, అన్నీ ఆ మూడు గంటల్లోంచి వచ్చినవే.

అక్క సంచి దించింది. కొట్టడం మానడానికి కాదు. లింగమూర్తిని అక్కడే వదిలేసి నా ముందుకు వచ్చి నిలబడింది. నన్ను కొడుతుందనే అనుకున్నాను, కళ్ళు కూడా మూసుకోలేదు.

"మీ బాపు ఇంట్లనే ఉన్నడా?" అని అడిగింది.

చుట్టాలింటికి పోయాడని చెప్పొచ్చు. దవాఖానలో ఉన్నాడని చెప్పొచ్చు. నమ్మేది. నేను చెప్పింది ఆమె ఎప్పుడూ నమ్మింది.

"ఉన్నడు" అన్నాను. "మంచం మీద ఉన్నడు. ఆ సంచి నాకియ్యి అక్కా."

ఇవ్వలేదు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి ఆటో నేనే ఆపాను, మా ఇంటి దారి చెప్పాను.